చంద్రయానమునకు ముందు పేలిన యంత్రములు

చంద్రమండలముపై మొదట అడుగిడిన వాడెవడని మన పాఠశాలలో ఆరవ తరగతి బాలు నడిగినను, నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అని తడుముకొనక చెప్పును. ఆయనను భూమినుండి లేవనెత్తిన యంత్రము పేరేమని అడిగినచో పదవ తరగతివారును నేలచూపులు చూచెదరు. ఇందు వారి తప్పేమియు లేదు. మన పుస్తకములలో గెలుపు దినముయొక్క తేదీ యుండును గాని, ఆ గెలుపునకు ముందు గడచిన యేండ్ల చరిత్ర యుండదు. ఆ యంత్రము పేరు ఎఫ్-1. దానిని గూర్చియు, దానితో పోటీపడి యోడిన మరియొక యంత్రమును గూర్చియు కొంత చెప్పి, అందుండి మన ప్రయోగశాలకు సంబంధించిన యొక యభిప్రాయమును, కొందరికి రుచింపకపోయినను, ఈ పత్రికాముఖమున విన్నవింప దలచితిని.

1955 లో అమెరికా వైమానిక దళమువారు, ఏ పనికి వినియోగింతుమో స్పష్టముగా నిశ్చయించుకొనకయే, మిక్కిలి పెద్ద రాకెట్టు యంత్రమొకటి కావలెనని రాకెట్‌డైన్ అను సంస్థతో సంప్రదింపులు మొదలుపెట్టిరి. కొంతకాలమునకు వారికా యంత్రముతో పని లేకపోయెను. 1958 లో నూతనముగా నేర్పడిన నాసా దానిని చేపట్టి, 1959 జనవరిలో ఆ సంస్థతో ఒడంబడిక చేసికొనెను. చంద్రునిపైకి మనుష్యుని పంపుదుమని కెన్నెడీ ప్రకటించినది 1961 మే నెలలో. అనగా గమ్యము నిశ్చయము కాకమునుపే బండి కెద్దులను వెదకుట యారంభమైనదన్న మాట. ఇది యవివేకమని యప్పుడు కొందరు తలచియుందురు. కాని యెద్దులు ముందుగా దొరకకపోయినచో ఆ దశాబ్దములో బండి కదలియుండెడిది కాదు.

ఒక్క ఎఫ్-1 యంత్రము 15 లక్షల పౌనుల, అనగా సుమారు 680 టన్నుల, త్రోపుడు బలము నిచ్చును. దాని యెత్తు సుమారు 19 అడుగులు. గంటవలె విచ్చుకొనిన క్రింది మూతియొక్క వ్యాసము 12 అడుగులకు పైన. దాని యాహారము రెండు ద్రవములు. ఒకటి మన పల్లెలలో లాంతరులలో పోసిన కిరసనాయిలునకు దగ్గర చుట్టమే. బాగుగా శుద్ధి చేయబడినది, అంతియే. రెండవది శీతలీకరించి ద్రవముగా చేసిన ఆమ్లజని. ఈ రెండును కలిసి సెకనునకు రెండున్నర టన్నులకు పైగా మండు గదిలోనికి పోవలెను. అంత త్వరగా వానిని తోడి త్రోయుటకు 55,000 గుఱ్ఱముల బలముగల పంపొకటి యంత్రముతో కూడ నమర్పబడెను. ఆ పంపులో ఒకే యిరుసుమీద ఒక కొసను సున్నకు 183 డిగ్రీలు దిగువనున్న ఆమ్లజని, రెండవ కొసను ఎఱ్ఱగా కాలు వాయువులు! మండు గదిలో వేడిమి మూడువేల డిగ్రీలు దాటును. ఏ లోహమును దానికి నిలువదు. కావున ఆ గది గోడలను సన్నని గొట్టములను ప్రక్కప్రక్కన చేర్చి యతికి చేసిరి. కిరసనాయిలు మొదట ఆ గొట్టములలో ప్రవహించి, గోడను చల్లార్చి, పిదప లోనికి పోయి మండును. మండబోవు నూనెయే మంటనుండి గోడను కాపాడుట! ఈ యుపాయము ఎఫ్-1 కంటె పాతదే యైనను, ఎన్నిసారులు తలచుకొన్నను నాకు కొత్తగానే యుండును.

ఇట్టి యంత్రములు అయిదింటిని శాటర్న్-5 రాకెట్టు మొదటి యంతస్తునకు బిగించిరి. పై యంతస్తులలో జే-2 అను చిన్న యంత్రములు ఉదజనిని మండించి పనిచేసినవి. వాని చరిత్రయు గొప్పదే కాని, ఇచ్చట దానికి తావు లేదు.

ఇక అసలు కథ. యంత్రముయొక్క పటములు గీయుట కష్టము కాలేదు. అంతకు ముందున్న యంత్రములను పెంచి గీసిన చాలునని మొదట తోచినట్లున్నది. కాని యంత్రము పెద్దదైనకొలది మంటయొక్క స్వభావమే మారిపోయెను. 1962 జూన్ 28 నాడు కాలిఫోర్నియా యెడారిలోని ఎడ్వర్డ్సు పరీక్షాస్థలమున మండించిన ఎఫ్-1 ఒకటి, దహనము నిలకడ తప్పుటచే, కరగి నాశనమయ్యెను. నిలకడ తప్పుట యనగా నేమి? ఉయ్యాల నూపువాడు సరియైన సమయమున చేయి వేసిన ప్రతిసారియు ఊపు పెరుగును గదా! ఆ గదిలో నెచ్చటనో మంట కొంచెము హెచ్చగును. అచ్చటనుండి పీడనపు అల యొకటి బయలుదేరి గోడను తాకి మరలివచ్చును. అది తాకినచోట ఇంధనము మరింత త్వరగా మండును. అందుచే అల మరింత బలియును. సెకనునకు కొన్ని వందలసారు లిట్లు జరుగును. చూచుచుండగనే ఆ యల, ఇంధనమును జల్లు పలకను కరగించి, యంత్రమునే చీల్చివైచును. ఇది యెప్పుడు పుట్టునో, ఏల పుట్టునో ముందుగా లెక్కకట్టి చెప్పగల శాస్త్రము ఆనాడు లేదు. ఆనాటి గణన యంత్రములు ఆ పనికి చాలవు.

అప్పుడు నాసావారును రాకెట్‌డైన్‌వారును కలిసి ‘ప్రాజెక్టు ఫస్ట్’ అను పేర ఒక సంఘము నేర్పరచిరి. నాసా పక్షమున జెరోమ్ థామ్సన్, సంస్థ పక్షమున పాల్ కాస్టెన్‌హోల్జ్, డాన్ క్లూట్ మొదలగువారు అందుండిరి. వారు చేసిన పనిని చదువరులు జాగ్రత్తగా గమనింప వేడెదను. ‘ఈసారి పేలకుండుగాక’ యని వారు ప్రార్థించుచు కూర్చుండలేదు. యంత్రము బాగుగా మండుచుండగా, తామే దాని లోపల నొక చిన్న బాంబును పేల్చిరి! దాగియున్న దోషమును బలవంతముగా బయటికీడ్చి, యంత్రము దానంతటది యెంతసేపటిలో శాంతించునో కొలిచిరి. శాంతింపనిచో, జల్లు పలకను మార్చి మరల బాంబు పెట్టిరి. ఆ పలకకు ఆరువేలకు పైగా రంధ్రములు కలవు. రంధ్రముల వెడల్పును కొంచెము పెంచిరి. ధారలు ఒకదాని నొకటి తాకు కోణమును మార్చిరి. పలకపై అడ్డుగోడలు కట్టి దానిని 13 గదులుగా విభజించిరి. సుమారు 2,000 పర్యాయములు పూర్తి పరిమాణముగల యంత్రములను మండించి చూచిరి. కట్టకడపట, బాంబు పేల్చినను సెకనులో పదియవ వంతు లోపుననే మంట తిరిగి కుదుటపడు స్థితి వచ్చెను. మంట ఏల నిలకడ తప్పునో అప్పటికిని సంపూర్ణముగా తెలిసెనని చెప్పరాదు. కాని తప్పినచో కుదుటపడునని మాత్రము కన్నులార చూచిరి, వ్రాసికొనిరి.

1965 ఏప్రిల్ 16 నాడు హంట్స్‌విల్‌లో అయిదు యంత్రములను ఒక్కసారిగా, నేలపై కట్టివేసి, మండించిరి. 1967 నవంబరు 9 న మొదటి శాటర్న్-5 ఎగిరెను. అది మొదలు 1973 మే 14 న స్కైలాబును మోసికొనిపోయిన కడపటి దానివరకు 13 రాకెట్టులు ఎగిరినవి; 65 ఎఫ్-1 యంత్రములు మండినవి. ఆకాశమున ఒక్కటియు చెడలేదు. రాకెట్టంతయు ఏ చిక్కును లేక యెగిరినదని నా భావము కాదు. 1968 ఏప్రిల్ 4 నాటి రెండవ ప్రయాణములో నిలువునా నొక కంపము పుట్టి అందరిని భయపెట్టెను. దానిని మాపుటకు ఆమ్లజని గొట్టముల కవాటములలో హీలియము వాయువును నింపి దిండువలె నుపయోగించిరి. అదియు నేలపై పరీక్షించి చేసినదే.

ఇక పోటీదారు. రష్యాలో కొరోల్యోవ్, గ్లుష్కో అను నిరువురు మహానుభావులుండిరి. 1938 లో స్టాలిను పాలనలో ఇద్దరును చెరబడిరి. కొరోల్యోవ్‌ను కోలిమా గనులకు పంపిరి. ఆ కాలపు మనస్తాపములు వారి మధ్య తుదివరకు చల్లారలేదు. చంద్రయానమునకై ఎన్-1 అను రాకెట్టును తలపెట్టినప్పుడు, గ్లుష్కో విషపు ద్రవములతో నడచు యంత్రములను చేసెద ననెను; కొరోల్యోవ్ కిరసనాయిలును ఆమ్లజనియు కావలె ననెను. పొత్తు కుదరలేదు. అందుపై కొరోల్యోవ్, విమాన యంత్రములు చేయుటలో పేరుపొందిన కుజ్‌నెత్సోవ్ నాశ్రయించెను. ఆయన చేసిన యంత్రము చిన్నది. త్రోపుడు బలము సుమారు 150 టన్నులు. కావున మొదటి యంతస్తునకు 30 యంత్రములు బిగింపవలసి వచ్చెను.

ఆ చిన్న యంత్రమును చులకన చేయరాదు. పంపును త్రిప్పిన వాయువును వెలుపలికి పారవేయక తిరిగి మండు గదిలోనికే పంపు పద్ధతితో అది పనిచేసినది. పొదుపులో ఎఫ్-1 దానికి సాటి రాదు. దాని తరువాతి రూపములను 1990 ప్రాంతముల తరువాత అమెరికావారే కొని తెచ్చుకొనిరి. అనగా బుద్ధిబలము రష్యా పక్షమున కొదువ కాలేదు. మరి యెచ్చట తప్పిరి?

కవాటములు కొన్ని ఒక్కసారి మాత్రమే తెరచుకొనునట్టివి యగుటచే, ఒకసారి మండించిన యంత్రము మరల పనికిరాదు. అందువలన ఆరు యంత్రముల జట్టులో రెంటిని మండించి, అవి బాగుగా నున్నచో తక్కిన నాలుగును మంచివేయని నమ్మి రాకెట్టునకు బిగించిరి. అంతకంటె పెద్ద లోపము మరియొకటి కలదు. 30 యంత్రములను కలిపి మండించి చూచుటకు తగిన పరీక్షావేదిక కట్టనేలేదు. వ్యయము, కాలము చాలవని కారణము. పరీక్షల పెత్తనము వహించిన వొస్క్రెసెన్‌స్కీ, ఇది కూడదని కొరోల్యోవ్‌తో వాదించెను; ఆయన మాట చెల్లలేదు; పదవినుండి తప్పుకొనెను. 1965 లో ఆయనయు, 1966 జనవరిలో కొరోల్యోవ్‌యు గతించిరి. ఫలితమును వారిరువురిలో నెవరును చూడలేదు.

1969 ఫిబ్రవరి 21 న మొదటి ఎన్-1 ఎగిరి, సుమారు ఒక నిమిషమునకు తోకలో నిప్పంటుకొని కూలెను. అదే సంవత్సరము జూలై 3 న రెండవది నేల విడిచిన కొలది క్షణములలో, తానెగిరిన వేదికపైననే కూలి దానిని భస్మము చేసెను. మరి పదమూడు దినములకు అపోలో-11 బయలుదేరినది. 1971 జూన్‌లో మూడవది, 1972 నవంబరులో నాలుగవది అట్లే నశించినవి. నాలుగవది 107 సెకనులు మండినది. మొదటి యంతస్తు పని ముగియుటకు కొలది సెకనులే మిగిలియుండెను. పరీక్షావేదికకై వెచ్చింపని ధనము నాలుగు రాకెట్టులతో పాటు ఆకాశమున మండిపోయెను.

ముప్పది యంత్రములను కట్టుటయే వారి తప్పు అని చెప్పువారు కలరు, నే నంగీకరింపను. 33 యంత్రములు గల స్పేస్‌ఎక్స్‌వారి రాకెట్టును 2023 ఫిబ్రవరి 9 న నేలపై బిగించి మండించినప్పుడు వానిలో 31 పనిచేసినవి. అదే యేడు ఏప్రిలులో ఎగిరి అది నాశనమైనను, 2024 అక్టోబరు 13 న అట్టి మొదటి యంతస్తే తిరిగివచ్చి, వేదికపైనున్న యుక్కు చేతులకు చిక్కెను. కావున సంఖ్య పాపము కాదు. అమెరికా ధనికదేశము, అందుచే పరీక్షలు చేయగలిగెను అను మాటలో మాత్రము కొంత నిజము కలదు. అయినను ధనము చాలనివాడే ముందుగా పరీక్షింపవలెనని నా వాదము. ధనికునకు రెండవ రాకెట్టు దొరకును.

అమెరికావారు సత్యసంధులు, రష్యావారు కారు అని దీనినుండి యెవరును గ్రహింపకుందురు గాక. రష్యా తన యోటమిని దాచెను. చంద్రునికై తాము పోటీపడిన సంగతి 1989 ప్రాంతమువరకు ప్రభుత్వము బయటపెట్టలేదు. అమెరికా దాచినది మరియొకటి. శాటర్న్‌కు పెద్దయైన వాన్ బ్రౌన్ యుద్ధకాలమున జర్మనీలో వీ-2 రాకెట్టును నిర్మించినవాడు. ఆ రాకెట్టులను నార్డ్‌హాసెన్ చెంత కొండ సొరంగములలో డోరా శిబిరపు బందీలచే చేయించిరి. సుమారు అరువది వేలమంది బందీలలో ఇరువది వేలమంది మరణించిరి. అచ్చట ఉత్పత్తిని నడపిన ఆర్థర్ రుడాల్ఫే తరువాత శాటర్న్-5 నిర్మాణమునకు కార్యనిర్వాహకుడయ్యెను. 1984 లో విచారణ తప్పించుకొనుటకై ఆయన అమెరికా పౌరసత్వమును వదలుకొని వెడలిపోయెను. ప్రతి మరచీల దోషమును నమోదు చేసిన పుస్తకములలో ఈ మనుష్యుల లెక్క ఏల చేరలేదు? యంత్రము విషయమున నిజము పలికి, మనుష్యుల విషయమున మౌనము వహించినవారిని నేను సగమే మెచ్చుకొందును. ఎఫ్-1 ను పొగడునప్పుడు ఈ మాటను కూడ విద్యార్థులకు చెప్పితీరవలెను.

మన శ్రీహరికోటలో జరిగిన దొకటి నాకు మిక్కిలి సంతోషము గలిగించినది. 2010 ఏప్రిల్ 15 న మన దేశమున చేసిన శీతల ద్రవేంధన యంత్రము ఆకాశమున పనిచేయక రాకెట్టు సముద్రమున పడెను. అందుపై మహేంద్రగిరిలో పరీక్షలు సాగినవి. 2014 జనవరి 5 న ఆ యంత్రము జయప్రదముగా పనిచేసెను. అంతకంటె పెద్దదియు, ఆ జాతిదియు నగు యంత్రముతో 2019 జూలై 15 న చంద్రయాన్-2 బయలుదేరవలసియుండెను. రాష్ట్రపతి స్వయముగా వచ్చి కూర్చుండిరి; దేశమంతయు మేలుకొని చూచుచుండెను. ఇంక 56 నిమిషములున్న దనగా, దోషము కనబడినదని ప్రయాణము నాపివేసిరి. ‘ఇంతమంది యెదుట నెట్లు ఆపుదుము’ అని యెవరును సంకోచింపలేదు. ఏడు దినములకు, జూలై 22 న, అదే రాకెట్టు ఏ చిక్కును లేక యెగిరెను. సెప్టెంబరులో దిగు నౌక చంద్రునిపై కూలినప్పుడును ఆ కూలుటకు కారణములను వెదకి, తప్పిపోగల వాని నెల్ల ముందుగా నెంచి, చంద్రయాన్-3 ను నిర్మించిరి. అది 2023 జూలై 14 న బయలుదేరి ఆగస్టు 23 న చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగినది.

ఇక మొదట చెప్పిన మన ప్రయోగశాల మాట. మన బాలురు ప్రయోగ పుస్తకములలో వ్రాయు లెక్కలు చూచినచో, ఈ పాఠశాలవంటి ప్రయోగశాల లోకమున లేదని తోచును! నలుబదిమంది లోలకము నూపిరి. నలుబదిమందికిని గురుత్వ త్వరణము 978, 979, 980 లలో ఏదో యొకటి వచ్చినది. రాగి తీగల నిరోధమును, గాజు దిమ్మె వక్రీభవనమును అట్లే. పుస్తకములో నున్న జవాబును ముందు చూచి, దానినుండి వెనుకకు లెక్క కట్టి, సెకనులను దిద్ది వ్రాయుదురని అందరికిని తెలియును. ఉపాధ్యాయులకును తెలియును. పరీక్షాధికారి మార్కులు తగ్గించునన్న భయముచే మేము ఊరకుందుము. అందులో నేనును ఒకడను.

నేను విద్యార్థిగా నున్నప్పుడు లోలకపు ప్రయోగములో నాకు 1,084 వచ్చినది. ప్రక్కవాని పుస్తకము చూచి, నా సెకనులను దిద్ది, 979 అని వ్రాసితిని. పదికి పది మార్కులు వచ్చినవి. ఆ సంఖ్య ఏల వచ్చెనో నేను విచారింపలేదు. విచారింపవలసిన యవసరమును కలుగలేదు. చాల యేండ్లకు, ఉపాధ్యాయుడనైన పిమ్మట, నా తరగతిలో నొక కుఱ్ఱవానికి సరిగా అదే 1,084 వచ్చెను. దిద్దుకొమ్మని తోడివారు చెప్పినను వాడు దిద్దక, ఏడుపు మొగముతో పుస్తకమును నా బల్లపై పెట్టి, ‘మూడుసారులు చేసినాను, ఇదే వచ్చుచున్నది, అయ్యగారూ’ అనెను. మరల చేయుమని చెప్పి ప్రక్కన నిలుచుంటిని. వాడు గుండును విడుచుచునే ‘ఒకటి’ అని లెక్కపెట్టెను. ‘ఇరువది’ అనునప్పటికి అయినవి పందొమ్మిది ఊపులే! ‘సున్న’ అని మొదలిడుమంటిని. 978 వచ్చెను. రాకెట్టువారు సున్నకు లెక్కించుట టెలివిజనులో ఎన్నిసారులో చూచినవాడనే. నా చిన్ననాటి తప్పేమో ఆనాటివరకు నాకు తెలియదు.

కావున ప్రధానోపాధ్యాయులవారికిని, తోడి ఉపాధ్యాయులకును నా మనవి యిది. రాబోవు సంవత్సరమునుండి ప్రయోగశాలలో కొలతలను సిరాతో వ్రాయింతము. పెన్సిలును తలుపుకడనే ఉంచి రమ్మందము. జవాబు తప్పిన పుటకు, తప్పునకు కారణము వెదకినచో, పూర్తి మార్కులు వేయుదము. పై పరీక్షలలో ఇది చెల్లునా యని కొందరడిగిరి. చెల్లకపోవచ్చును, అచ్చటి సంగతి అచ్చట చూచుకొందము. ఆ కుఱ్ఱవాని పుస్తకము ఇప్పటికిని ప్రయోగశాల బీరువాలో నున్నది. 1,084 అను సంఖ్యను వాడు కొట్టివేయలేదు. దాని క్రింద రెండవ లెక్కను వ్రాసినాడు. చూడగోరువారు నన్నడిగినచో చూపెదను.